ఎడమ చెప్పు అడిగిన మేస్త్రీ

ఇంజను వేడెక్కిందో లేదో అందరూ చేత్తో తాకి చూస్తారు. ఆయన చెంపతో చూసేవాడు. బండి పక్కన మునికాళ్ల మీద కూర్చుని, పసిపిల్లకు జ్వరం తగిలిందేమోనని చూసినట్టు, ఇంజను దగ్గరికి చెంప తీసుకెళ్లేవాడు. ఆనించేవాడు కాదు, బెత్తెడు దూరంలో ఆపేవాడు. "ఇంకా ఆరలేదు, ఓ పావుగంట ఆగుదాం," అనేవాడు. చూసేవాళ్లు నవ్వేవారు. "ముద్దు కూడా పెట్టు మేస్త్రీ, వద్దంటుందా," అనేవారు. ఆయనా నవ్వేసేవాడు.

మొన్న ఆదివారం పొద్దున ఆ మేస్త్రీ పోయాడని కబురు వచ్చింది. ఆయన కూతురు ఫోను చేసింది. "అక్కా, నాన్న తెల్లారగట్ల నిద్రలోనే వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక తీసుకెళ్తాం. బావగారిని కూడా తీసుకురా," అంది. ఫోను పెట్టేశాక నా కళ్ల ముందుకు వచ్చింది ఇంజను పక్కన ఒరిగిన ఆ చెంపే.

ఆయన పేరు రాయను. ఎందుకు రాయనో ఇది చదివితే మీకే తెలుస్తుంది. మా ఆయన సంగతి మాత్రం రాస్తాను. "రాయి, ఇప్పుడు నాకేం భయం," అని ఆయనే అన్నాడు.

మేము ప్రత్తిపాడులో కాపురం పెట్టిన కొత్తలు, ఎనభైల్లో మాట. మా ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. గుంటూరు రోడ్డు మీద, మిరపకాయలు ఆరబోసే కళ్లాల పక్కన మేస్త్రీ షెడ్డు ఉండేది. షెడ్డంటే నాలుగు తాటిమొద్దులు, పైన రేకులు. ట్రాక్టర్లు, పొలాల్లో నీళ్లు తోడే ఆయిలింజన్లు, మోటారు సైకిళ్లు, ఏదొస్తే అది చూసేవాడు. మిరపకాయల కాలంలో ఆ దారిన పోయేవాళ్లంతా తుమ్ముకుంటూ పోయేవారు. ఆయనొక్కడే తుమ్మేవాడు కాదు. "నా ముక్కుకి అలవాటైపోయింది. ఆదివారం చర్చిలో అగరొత్తులు వెలిగిస్తే మటుకు తుమ్మొచ్చుద్ది," అనేవాడు.

అప్పటికే యాభై దగ్గర పడ్డ మనిషి. పొడుగ్గా, ఎండిన జనపకట్టెలా ఉండేవాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా, చేతులకు మోచేతుల దాకా గ్రీజు. భోజనానికి కూర్చున్నా ఎడమ చెయ్యి కడిగేవాడు గాని కుడిచెయ్యి గ్రీజు పూర్తిగా వదిలించేవాడు కాదు, చెంచాతో తినేవాడు. మేస్త్రీ దొరలాగా చెంచాతో తింటాడని ఊళ్లో అదొక ఎగతాళి.

ఎవరు బండి తెచ్చినా ఆయన వెంటనే పానా పట్టేవాడు కాదు. "ముందు మీరెక్కండి, నేను వెనక కూర్చుంటా," అనేవాడు. కాలవ వంతెన దాకా యజమాని చేతే నడిపించి, వెనక సీటు మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడు. తిరిగొచ్చాక ప్రశ్నలు మొదలయ్యేవి. ఎప్పట్నుంచి ఇట్లా ఉంది? పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? వానలో తేడా ఏమన్నా ఉందా? ఈ మధ్య బండి ఎవరికన్నా ఎరువిచ్చారా?

మా ఆయన పడీపడీ నవ్వేవాడు. "గేదెను తోలుకొచ్చినవాళ్లని నేనడిగే మాటలే ఇవన్నీ. నా దగ్గర నేర్చుకున్నావా మేస్త్రీ?"

"మీరే నా దగ్గర నేర్చుకుని ఉంటారు. నోరు లేనివాటితో పని కదండీ ఇద్దరిదీ," అనేవాడు ఆయన.

ఒకసారి మీసాల ఆసామి ఒకాయన కొత్త బండి తెచ్చి, బ్రేకులు పట్టేస్తున్నాయి, బండి లాగడం లేదని కేకలేశాడు. మేస్త్రీ ఆయన వెనక కూర్చుని వెళ్లొచ్చి దిగాడు. "బండికేం లేదండీ. మీరు బ్రేకు మీంచి కాలు తియ్యట్లేదు. అంత భయమైతే హాయిగా ఎద్దుబండి ఎక్కండి," అన్నాడు. చుట్టూ ఉన్న పదిమంది గొల్లుమన్నారు. ఆ ఆసామి ఆ మాట మర్చిపోలేదు. ఆయన సంగతి మళ్లీ వస్తుంది.

మా ఇంటికి ఏ పని మీద వచ్చినా మేస్త్రీ అరుగు ఎక్కేవాడు కాదు. టీ తీసుకెళ్తే సంచిలోంచి తన గ్లాసు తీసి పట్టేవాడు. ఆ రోజుల్లో మా వీధిలోనే కొన్ని ఇళ్లల్లో ఆయన పేట మనుషులకు వేరే గ్లాసు చూరులో దోపి ఉంచేవారు. ఆ అవమానం పడకుండా తన గ్లాసు తనే తెచ్చుకుంటున్నాడని అనుకున్నాను. మనసుకు కష్టంగా ఉండేది. అయినా "మా గ్లాసులో తాగండి" అనడానికి నాకు నోరు రాలేదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు, ఒళ్లో ఏడాది పాప. నోరు రాకపోవడానికి అది సాకు కాదనుకోండి.

ఇక బండి సంగతి. మా ఆయన మోటారు సైకిలు అప్పటికే ఇద్దరి చేతులు మారి మా ఇంటికొచ్చింది. దాని గేర్లు ఎడమకాలి కింద. మొదటి గేరు కిందికి తొక్కాలి, మిగతావి పాదం ముందు భాగంతో పైకి ఎత్తాలి. ఆ ఏడాది పత్తి తీతలప్పటి నుంచి ఒకటే గొడవ. "మొదటిది వెన్నలో వేలు పెట్టినట్టు పడుతుంది. రెండోది మొరాయిస్తుంది. బిగుసుకుపోయింది," అనేవాడు మా ఆయన. ట్రాక్టర్లు చూసే మేస్త్రీకి ఈ సున్నితాలు ఏం తెలుస్తాయిలే అని, ఎవరో చెబితే బండిని గుంటూరు తీసుకెళ్లాడు. అక్కడ క్లచ్ ప్లేట్లు మార్చారు, వైరు మార్చారు, ఆయిలు మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ అదే పాట. చివరికి మొదటి గేరులోనే ఊళ్లు తిరిగొచ్చేవాడు. ఆ ఇంజను గోల రెండు వీధుల అవతల వినపడగానే నేను పొయ్యి మీద ఎసరు పడేసేదాన్ని.

"ఇంక చూసింది చాలు, మేస్త్రీని పిలవండి," అన్నాను. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన మా పెరట్లోకి వచ్చాడు.

ఆ రోజు ఆయన చేసిన పని ఒక్కొక్కటీ నాకు గుర్తుంది. పాపను కాళ్ల మీద వేసుకుని, గోంగూర ఒలుచుకుంటూ అరుగు మీద కూర్చుని చూశాను. మొదట క్లచ్ వైరు పైకొన విప్పి, బొట్టుబొట్టుగా నూనె వదిలాడు. కింది కొస నుంచి బొట్టు కారేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. తరవాత క్లచ్ పట్టుకి రూపాయి బిళ్ల మందం వదులుందా లేదా చూశాడు. గేరు రాడ్డు వంగి ఇంజను డొక్కకు రాసుకుంటోందేమోనని సందులోంచి దారం పోనిచ్చి లాగాడు. దారం ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది. రాడ్డు పళ్లు అరిగి జారుతోందేమోనని పట్టుకుని ఊపాడు. ఆయిలు మూత తీసి, పుల్ల ముంచి, ముంజేతి మీద రాసుకుని చిక్కదనం చూశాడు. అప్పుడు బండెక్కి పెరట్లోనే రెండు చుట్లు తిరిగాడు. టక్, టక్, టక్. గేర్లు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి.

"నా కాలికి పడుతున్నాయండీ," అన్నాడు దిగి.

"నా కాలికి పడట్లేదయ్యా. ఏం, నేను అబద్ధమాడుతున్నానా?"

"అబద్ధమని నేనెందుకంటాను? పదండి, వెనక కూర్చుంటా."

ఇద్దరూ కాలవ దాకా వెళ్లొచ్చారు. ఎప్పుడూ దిగగానే ప్రశ్నలు మొదలుపెట్టే మనిషి, ఆ రోజు ఏమీ అడగలేదు. బండి వంక కూడా చూడలేదు. కాసేపు మీసం రుద్దుకుంటూ నిలబడి, "కాంపౌండరు గారూ, మీ ఎడమ చెప్పు ఒకసారి ఇటివ్వండి," అన్నాడు.

"చెప్పెందుకు?"

"ఇవ్వండి చూద్దాం."

తీసుకుని తిరగేశాడు. ముందు అంచు ఆకురాయి పెట్టి గీసినట్టు అరిగిపోయి ఉంది. మడమ దగ్గర కొత్తది కొత్తగానే ఉంది. కుడిచెప్పు కూడా తిరగేశాడు. అది అందరి చెప్పుల్లాగే ఉంది.

"అమ్మా, ఇవెప్పుడు కొన్నారు?" అని నన్నడిగాడు.

నేను నవ్వుతూనే చెప్పాను. "క్రిస్మస్ ముందు. నెలన్నర కూడా కాలేదు. ఏడాదిలో ఇది మూడో జత. ఎడమది ఎక్కడో ఒకచోట వదిలేసి, ఒంటి చెప్పుతో ఇంటికొస్తారు. అదేమంటే రేగడి లాగేసుకుందంటారు."

మా వైపు నల్లరేగడి నేల. వానాకాలం కాలు పెడితే చెప్పు మట్టికిచ్చి పాదం మనం తెచ్చుకోవాల్సిందే. ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా చెప్పుల మట్టి గీకే పుల్ల ఒకటి ఉంటుంది. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి మా ఊళ్లో ఏ ఆడదీ ఆశ్చర్యపోదు. నేనూ పోలేదు.

"వానలు వెళ్లిపోయి ఎన్నాళ్లయిందమ్మా?" అన్నాడు మేస్త్రీ.

నా చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. వానలు పోయి మూడు నెలలు. నేలంతా బీటలు తీసి ఉంది. ఆ నేల చెప్పునెట్లా లాక్కుంటుంది?

మేస్త్రీ మా ఆయన్ని నులకమంచం మీద కూర్చోబెట్టాడు. "మడమలు నేలకానించి, వేళ్లు పైకెత్తండి," అన్నాడు. కుడిపాదం లేచింది. ఎడమపాదం కాస్త వణికి అక్కడే ఆగిపోయింది. మా ఆయన దాని వంక, చెప్పిన మాట వినని పిల్లవాడిని చూసినట్టు చూశాడు.

మా ముళ్లకంచెకు, దారిన పోయే పత్తిబళ్ల నుంచి రాలిన దూది ఎప్పుడూ తగులుకుని ఉండేది. మేస్త్రీ వెళ్లి చిటికెడు దూది తెంపుకొచ్చాడు. "కళ్లు మూసుకోండి. తగిలినప్పుడల్లా 'ఊ' అనండి."

కుడికాలి మీద దూది తగిలింది. "ఊ." మళ్లీ తగిలింది. "ఊ." మూడోసారీ "ఊ."

ఎడమకాలికి మారాడు. మోకాలి కింద, పక్కవాటుగా ఒకసారి, కాస్త దిగువన ఒకసారి, పాదం మీద రెండుసార్లు. నేను చూస్తూనే ఉన్నాను. మా ఆయన కళ్లు మూసుకుని, పెదాల మీద నవ్వుతో ఎదురు చూస్తున్నాడు.

"కానియ్ మేస్త్రీ, ఎంతసేపు?" అన్నాడు.

"అయిపోయిందండీ," అన్నాడు మేస్త్రీ.

మోకాలి కింద రూపాయంత పాలిపోయిన మచ్చ ఉంది. "ఇదేంటి?" అని అడిగాడు.

"శోభి. పశువుల్లో తిరిగేవాళ్లకి మామూలే. మందు రాస్తున్నా."

"రాస్తే మంట పుడుతుందా?"

"లేదు," అన్నాడు మా ఆయన. అని, మంచం మీద నుంచి లేచాడు. మందుల మధ్య బతికే మనిషి కదా, తన నోటితో ఆ మాట అన్నాక ఆయనకే అర్థమైంది. మొహం నల్లబడింది. "నువ్వు బండి చూడ్డానికొచ్చావు. బండి చూసి వెళ్లు. నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు. మేస్త్రీతో అంత కటువుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆ జబ్బు పేరు ఆ పూట మా ముగ్గురిలో ఎవరూ పలకలేదు. ఇప్పుడు రాస్తున్నాను, కుష్టు. ఆ మాట మా గడప దాటితే చాలు, ఏ ఇల్లాలూ తన గేదె మీద మా ఆయన్ని చెయ్యి వెయ్యనివ్వదు. ఉద్యోగం ఉన్నా ఊళ్లోకి రానివ్వరు. మా అమ్మ బండి కట్టుకుని వచ్చి నన్నూ పాపనీ తీసుకెళ్లిపోతుంది. ఇవన్నీ నాకు ఒక్కసారిగా తట్టి, పాపను గట్టిగా పట్టుకున్నాను.

మేస్త్రీ వెళ్లలేదు. సంచిలోంచి కిరసనాయిలు సీసా తీసి కుడిచెయ్యి కడుక్కున్నాడు. గుడ్డతో తుడిచాడు. మళ్లీ కడిగి మళ్లీ తుడిచాడు. అప్పుడు ఆ చెయ్యి మా ముందు చాపాడు. గ్రీజు లేకుండా ఆ చెయ్యి మేం చూడటం అదే మొదలు. చివరి రెండు వేళ్లూ కొక్కేల్లా లోపలికి వంగి ఉన్నాయి. వాటి కొసల మీద ఎప్పుడో కాలిన మచ్చలు.

"చెంపతో ఎందుకు చూస్తావని ఎన్నిసార్లో అడిగారు కదండీ," అన్నాడు. "వీటికి వేడి తెలియదు. కాలిన వాసనొచ్చాకే తెలుసుద్ది. పధ్నాలుగేళ్లప్పుడు మా నాయన నన్ను ఈ జబ్బు చూసే మిషనరీల ఆసుపత్రిలో దిగబెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లున్నా. అక్కడి ఆయిలింజను దగ్గరే ఈ పని నేర్చుకున్నా. అప్పటి మందులు నిదానం. జబ్బు పోయింది గాని ఈ రెండు వేళ్లకీ తెలివి రాలేదు. మీదింకా మొదలే. ఇప్పుడు మంచి మందులొచ్చాయి. నన్ను ఆలస్యంగా తీసుకెళ్లారు. మీరు ఆలస్యం చెయ్యొద్దు."

మా ఆయన మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. "ఈ సంగతి ఊళ్లో ఎవరికి తెలుసు?"

"మా ఇంట్లోదానికి. ఇప్పుడు మీ ఇద్దరికీ."

ఆయన తన షెడ్డును, తన నలుగురు పిల్లల తిండిని మా ఇద్దరి నోళ్లలో పెట్టి కూర్చున్నాడని నాకప్పుడు తెలిసింది.

"ఆసుపత్రికెళ్లాలంటే వారాల తరబడి ఉండాలేమో. ఏం చెప్పి వెళ్లను? ఆ ఆసుపత్రి ఉన్న ఊరి పేరెత్తితేనే అందరికీ తెలిసిపోతుంది," అన్నాడు మా ఆయన.

"బండి చెడిపోయిందని చెప్పండి. గేరు సామాను కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతున్నారని నేను చెప్తా."

"బండికి ఏం లేదన్నావుగా?"

"ఇప్పుడుంటుందిలెండి," అన్నాడు.

సాయంత్రానికల్లా బండిని షెడ్డుకు నెట్టుకెళ్లి, నిక్షేపంలాంటి ఇంజనును దింపి, రోడ్డున పోయే ప్రతివాడికీ కనపడేటట్టు గోనెపట్టా మీద పరిచేశాడు. చక్రాలొక చోట, గేరు పళ్లొక చోట. మర్నాడు మా ఆయన సెలవు చీటీ పంపి బస్సెక్కాడు.

మూడు వారాలు ఆ సామాను అలాగే ఉంది. ఇంజను విప్పితే రెండో రోజుకు బిగించే మనిషి కదా, ఊరు ఊరుకుంటుందా? ఒకరోజు నేను పాపనెత్తుకుని కొట్టుకు వెళ్తున్నాను. మీసాల ఆసామి బండాపి, ఒక కాలు కింద పెట్టి, నలుగురూ వినేట్టు అంటున్నాడు.

"ఏం మేస్త్రీ, గేరు దొరికిందా? లేక నూతిలో గాలం వెయ్యాలా?"

"వెతుకుతున్నానండీ."

"నన్నేమో ఎద్దుబండి ఎక్కమన్నావు. కాంపౌండరు గారి చేత కాలినడకే పట్టించావే. గుంటూరోళ్లు చెయ్యలేంది నువ్వేం చేస్తావు? చేతకాదని చెప్పొచ్చుగా."

మేస్త్రీ పానా తుడుచుకుంటూ, "చేతకాలేదండీ," అన్నాడు.

ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు అంతవరకు. నవ్వుదామని నిలబడ్డవాళ్లు కూడా నవ్వలేదు. ఆయన నన్ను చూశాడు, చూడనట్టు తల వంచుకున్నాడు. నేనూ కొంగు సర్దుకుని ముందుకు నడిచాను. ఆ వారంలోనే ముగ్గురు ఆసాములు బండ్లు గుంటూరు తోలుకెళ్లారని విన్నాను. బండి బాగుచెయ్యడమొక్కటే ఆయనకున్న గొప్ప. ఆ గొప్పను మా కోసం రోడ్డు మీద పరిచిపెట్టి కాపలా కూర్చున్నాడు.

మూడు వారాలకు మా ఆయన తిరిగొచ్చాడు. నరం వాపు తగ్గడానికి మందు, నెలకొకసారి వాళ్ల ముందే మింగాల్సిన ఎర్ర మాత్రలు, రోజూ ఇంట్లో వేసుకునేవి కొన్ని, పాదానికి చెయ్యాల్సిన కసరత్తు. మాత్రలు మొదలుపెట్టాక ఎవరికీ అంటదని, ఇంట్లో అందరితో మామూలుగా ఉండమని డాక్టరమ్మ చెప్పి పంపింది. మా ఆయన తల ఊపి వచ్చాడు గాని, ఇంటికొచ్చాక తన కంచం, తన గ్లాసు వేరుగా గూట్లో పెట్టుకున్నాడు. చాప వేరు. పాప చేతులు చాపితే రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు. అది అర్థం కాక పాప ఆయన మోకాళ్లు పట్టుకుని ఏడ్చేది. నేను చెప్పి చూశాను, కోప్పడి చూశాను. "నీకు తెలియదు, ఊరుకో," అనేవాడు.

నాలుగో రోజున మేస్త్రీ వచ్చాడు. అలవాటుగా అరుగు కింద నిలబడ్డాడు. నేను టీ పెట్టి తెచ్చేసరికి సంచిలోంచి గ్లాసు తీయబోయి, గూట్లో ఒంటరిగా ఉన్న గ్లాసును చూశాడు.

"అదెవరిదమ్మా?"

"ఆయనది," అన్నాను.

తన గ్లాసు మళ్లీ సంచిలో పడేశాడు. చెప్పులు విడిచి, మా ఇంట్లో మొదటిసారిగా అరుగెక్కాడు. గూట్లో గ్లాసు తనే తీసి నా ముందు పట్టాడు. "ఇందులో పొయ్యి తల్లీ."

పోశాను. అరుగు మీద కూర్చుని, ఊదుకుంటూ నిదానంగా తాగాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తాగాక ఆ గ్లాసును తీసుకెళ్లి, అంట్ల తొట్టిలో మా అందరి గిన్నెల మధ్య పడేశాడు.

"నేను గ్లాసు వెంట తెచ్చుకునేది ఎందుకనుకున్నారు?" అన్నాడు. "ఆ ఆసుపత్రిలో ఎవరి గ్లాసు వాళ్లకి ఉండేది. అక్కణ్ణుంచొచ్చి పాతికేళ్లు దాటినా ఆ గ్లాసు నన్ను వదల్లేదు. నాకది అలవాటైపోయింది. మీకు కాకూడదు. నాకు నలుగురు పిల్లలండీ. నలుగురికీ ఈ చేతుల్తోనే నీళ్లు పోశా. పాపనెత్తుకోండి."

మా ఆయన కదల్లేదు. మేస్త్రీయే పాపను లేవదీసి, తీసుకెళ్లి ఆయన చేతుల్లో పెట్టాడు. పాపకు ఇదేమీ పట్టలేదు. నాన్న చొక్కా జేబులో ఉన్న పెన్ను లాగడంలో పడింది. ఆయన మాత్రం గోడవైపు తిరిగిపోయాడు.

"ఇంకొంచెం పొయ్యనా బాబాయ్?" అన్నాను నేను. ఆ పిలుపు నా నోటికి ఎట్లా వచ్చిందో తెలియదు. ఆ తరవాత మారలేదు. ఆయన కూడా ఆ తరవాత మా ఇంటికి గ్లాసు తెచ్చుకోలేదు.

రెండు రోజుల్లో బండి బిగించాడు. కాకపోతే ఒక కొత్త ఏర్పాటు చేశాడు. గేరు రాడ్డుకు వెనకవైపు ఇంకో ఇనపముక్క అతికించి, మడమ కిందికి వచ్చేట్టు వంచాడు. "ఇంక పాదం పైకెత్తక్కర్లేదు. ముందు వేళ్లతో తొక్కితే కిందికి, వెనక మడమతో తొక్కితే పైకి," అన్నాడు. మా ఆయన ఎక్కి, మడమతో తొక్కాడు. టక్కుమంది. వీధి చివర దాకా నాలుగు గేర్లూ వేసుకుంటూ వెళ్లాడు. చాలా రోజుల తరవాత మా వీధిలో ఆ బండి నెమ్మదిగా గురకపెట్టింది.

ఇంతలో నాకొక భయం పట్టుకుంది. ఊళ్లో ఒక్క మా బండికే ఆ మడమ రాడ్డు ఉంటే, ఎందుకూ అని ఎవరైనా అడిగితే? బాబాయితో అన్నాను. "అదీ చూశాలే," అన్నాడు. మర్నాటి నుంచి షెడ్డుకొచ్చిన ప్రతివాడితో, "ఇట్లా అయితే చెప్పు పైభాగం పాడవదండీ, బూటుకు గీత పడదు," అని చెప్పి ఒక్కొక్కరికీ బిగించడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ఊళ్లో పది బండ్లకు ఆ రాడ్డు ఉంది. మీసాల ఆసామి కూడా వచ్చి పెట్టించుకున్నాడు. పెట్టించుకుని, తొక్కి చూసి, "అట్లా చెప్పు మరి. మూడు వారాలూ ఇది కనిపెడుతున్నావన్నమాట," అన్నాడట.

"అవునండీ, బుర్రకు తట్టడానికి అంత సేపు పట్టింది," అన్నాడట మా బాబాయ్.

మాత్రలు ఆరు నెలలు వాడారు. నెలనెలా ఆసుపత్రి నుంచి బస్సు దిగి ఇంటికొస్తూ, మా ఆయన ముందు షెడ్డు దగ్గర ఆగేవాడు. మాత్రలు వేసుకున్నారా, ఎట్లా ఉంది అని బాబాయ్ అడిగేవాడు కాదు. చుట్టూ జనం ఉంటారు కదా. "ఎడమ చెప్పు," అనేవాడు. మా ఆయన తీసి, తిరగేసి చూపించేవాడు. బాబాయ్ ముందు అంచు మీద ఎడమచేతి బొటనవేలు ఆనించి జరిపి చూసేవాడు. "ఫరవాలేదు," అనో, "కసరత్తు మానేశారా?" అనో అనేవాడు. చూసేవాళ్లు వీళ్లకిదేం వేళాకోళమో అనుకునేవారు. ఏడాది దాటాక ఒకరోజు చెప్పు చూసి, చాలాసేపు తిప్పి చూసి, "రెండూ ఒకేలా అరిగాయండీ," అన్నాడు. ఆ పూట మా ఇంటికొచ్చి భోంచేశాడు. చెంచా అడగలేదు, చేత్తో తిన్నాడు. నేను గోంగూర మళ్లీ మళ్లీ వడ్డించాను.

పాదం పూర్తిగా మునుపటిలా కాలేదు. ఇప్పటికీ బాగా అలిసినప్పుడు ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. ఆ ఈడ్పు కోసమేనేమో, మాత్రలు ఆగిపోయి ఏళ్లు గడిచినా, మా ఆయన బండి అమ్మేసినా, షెడ్డు తీసేసి బాబాయ్ ఇంటి పట్టున కూర్చున్నా, కలిసినప్పుడల్లా "ఎడమ చెప్పు" అనడం మాత్రం బాబాయ్ మానలేదు. కంటి చూపు మందగించాక కూడా చెప్పు చేతిలోకి తీసుకుని, అంచు తడిమి ఇచ్చేవాడు.

మొన్న ఆదివారం మేం వెళ్లేసరికి ఆయన్ని ఇంటి ముందు పందిట్లో పెట్టెలో పడుకోబెట్టారు. తెల్లటి బట్టలు, కాళ్లకు తెల్లటి మేజోళ్లు, చేతులకు తెల్లటి తొడుగులు. గ్రీజు మరక లేని ఆ చెయ్యి మొదటిసారి మా పెరట్లో చూసిన రోజు గుర్తొచ్చింది. కుడిచేతి తొడుగులో చివరి రెండు వేళ్లూ వంగి ఉన్నాయి. పాటలు పాడుతున్నవాళ్లెవరూ అటు చూడటం లేదు. ఆయన కూతురికి తెలుసో తెలియదో నేను అడగలేదు. వంగి, ఆయన చెంప మీద నా చేతి వెనకభాగం ఆనించాను. చల్లగా ఉంది.

ప్రార్థన అయ్యాక పెట్టె ఎత్తారు. జనమంతా పందిరి బయట చెప్పుల కోసం తొక్కిసలాడుతున్నారు. మా ఆయన తన జత వెతుక్కుని కుడిది తొడుక్కున్నాడు. ఎడమది చేతిలోకి తీసుకుని, తిరగేసి, ఎత్తి పట్టుకుని నిలబడిపోయాడు. పెట్టె వీధిలోకి వెళ్లిపోతోంది.

నేను దగ్గరికెళ్లి ఆ చెప్పు అందుకున్నాను. ముందు అంచు మీద బొటనవేలు ఆనించి, ఆ కొస నుంచి ఈ కొస దాకా జరిపి చూశాను.

"ఫరవాలేదు, తొడుక్కోండి," అన్నాను.

తొడుక్కున్నాడు. ఇద్దరం పెట్టె వెనక నడిచాం.